పిల్ల సిలిండరు

పులివెందుల
6 ఫిబ్రవరి 2024, మంగళవారం

నా నడుముకున్న చిన్న సిలిండరును నాకు చెప్పకుండా ఊడదీశావు. ఊడదీసి, వీపు తట్టి, నన్ను నీళ్ళలోకి దించావు.

బావా అని మొదలుపెడదామంటే చెయ్యి రాలేదు. ఉత్తరం చివరికైనా వస్తుందేమో చూద్దాం.

ఫోన్ చేయొచ్చు కదా అంటావు. కుడి చెవి పొర చినిగిందని ప్రొద్దుటూరు డాక్టరు చెప్పాడు. ఎడమ చెవికి పెట్టుకుంటే నువ్వు అరుస్తావు, నేను అరుస్తాను, పక్కన అమ్మ ఏడుస్తుంది. వాట్సప్‌లో పెడదామంటే, పోయినసారి నేను పేజీడు రాస్తే నువ్వు బొటనవేలు బొమ్మ ఒకటి పంపి పడుకున్నావు. అందుకే కాగితం. దీన్ని బస్సులో జమ్మలమడుగుకు, అక్క దగ్గరికి పంపుతున్నాను. అక్క నీ అన్నం క్యారియరులో పెట్టి డ్యాం కాడికి చేరుస్తుంది. అక్కా, నువ్వు దారిలో చదువుతావని తెలుసు. చదువుకో. నీ మొగుడు ఏం చేశాడో నీకూ తెలియాలి.

మూడేళ్ళుగా నేను దిగుతున్నాను, నువ్వు పడవలో కూర్చుని తాడు పట్టుకుంటున్నావు. పైనున్న నీకు తాడు ఒక్కటే తెలుసు. కింద ఏం జరిగిందో నేను చెప్తాను విను.

ఏడు నిలువుల లోతు. ఒండ్రు లేచి నా చెయ్యి నాకే కనపడడం లేదు. పంపులు నీళ్ళు పీల్చుకునే చోట ఉన్న ఇనుప కమ్మీలకు పాత వల ఒకటి చుట్టుకుని ఉంది. దాన్ని కోస్తున్నాను. ఉన్నట్టుండి నోట్లోకి గాలి బదులు నీళ్ళు వచ్చాయి. నోటి దగ్గరి రెగ్యులేటరులోకి ఒండ్రు దూరింది. గట్టిగా ఊదాను. మళ్ళీ నీళ్ళే. అప్పుడు కూడా నేను భయపడలేదు. పెద్ద సిలిండరు మొరాయిస్తే పైకి వచ్చేదాకా పనికొస్తుందనే కదా చిన్నది కట్టుకున్నది అనుకున్నాను. కుడి చెయ్యి నడుం మీదికి పోయింది. అక్కడ బెల్టు ఉంది. బెల్టు కింద నేనున్నాను. సిలిండరు లేదు.

జారి వెనక్కి పోయిందేమోనని తడుముకున్నాను. ముందుకు వచ్చిందేమోనని తడుముకున్నాను. ఆ తడుములాటలో పోయిన ఊపిరే నన్ను చంపేది. లేదని ముందే తెలిసుంటే తడుముకునేవాడిని కాదు, మొదటే తాడు గుంజేవాడిని. ఇది నీకు అర్థం కావాలి. లేకపోవడం ఒక ఎత్తు. లేదని నాకు తెలియకపోవడం ఇంకో ఎత్తు.

మూడుసార్లు గుంజాను. నువ్వు లాగావు. నూతిలోంచి బిందెను లాగినట్టు లాగావు. అంత వేగంగా పైకొస్తే లోపలి గాలి ఉబ్బుతుంది. ఊపిరి బిగబట్టకుండా వదులుకుంటూ వచ్చాను కాబట్టి ఊపిరితిత్తులు మిగిలాయి, చెవి ఒక్కటే పోయింది. ఆ సంగతి నాకు ఫోన్లో ఇంగ్లీషు పుస్తకం నేర్పింది, మాట మాటకీ అర్థం వెతుక్కుని చదివితే. మన గ్యాంగులో ఎవరూ నేర్పలేదు.

పడవలో పడినాక చూస్తే గోనెపట్ట కింద అది కనపడింది. పడవ నడిపే బాబు దాని మీద కాలు పెట్టుకుని కూర్చున్నాడు. ఏంది ఇదని అడిగితే నీళ్ళ వైపు చూశాడు.

ఎందుకు తీశావో నాకు తెలుసు. అది కొన్ననాటి నుంచి మీ అందరికీ నవ్వులాటే. పిల్ల సిలిండరని పేరు పెట్టారు. "మొగోడు పాలసీసా కట్టుకోని దిగుతాండాడు సూడండప్పా" అని నువ్వే అన్నావు, కాంట్రాక్టరు ముందర. నీ తాడు మీద నమ్మకం లేకనే నేను దాన్ని కట్టుకుంటున్నానని నీ కడుపుమంట. ఆ మంట చల్లార్చుకోవడానికి నా నడుం మీదే చెయ్యి వేయాలా?

తీసింది నువ్వేనని ఒప్పుకుని, ఎందుకో రాయి.

జగదీశ్
(లేదు. చెయ్యి ఇంకా రావడం లేదు.)


మైలవరం డ్యాం, రేకుల షెడ్డు
8 ఫిబ్రవరి, గురువారం

జగదీశకు,

చెవిలోకి నీళ్ళు పోకుండా చూసుకో. తలకు పోసుకునేటప్పుడు దూదికి కొబ్బరినూనె అద్ది పెట్టుకో. నీకు తెలియక కాదు, నువ్వు చేయవు కాబట్టి చెప్తాండా.

నీ ఉత్తరం చారు గిన్నె మీద కూర్చోని వచ్చింది. మరక పడి రెండు వరసలు చెరిగిపోయినాయి. వాటిలో కూడా తిట్లే ఉంటాయిలే అని మిగతాది చదివినా.

నాకు ఓపిక లేదురా. నువ్వు పోయినకాడ్నుంచి పని ఆగిపోయింది. కాంట్రాక్టరు పొద్దున ఒకసారి, మాపు ఒకసారి ఫోన్ చేస్తాండాడు. కమ్మీల మీద వల సగమే తెగింది. మిగతా సగానికి చెత్త వచ్చి తగులుకుంటాంది. పంపు తిప్పితే మూలుగుతాంది. ఇవన్నీ చూసుకోని షెడ్డుకు వస్తే నీ ఉత్తరం.

తీసింది నేనే. దాంట్లో ఒప్పుకునేదానికి ఏముంది? బాబు చూసినాడు, నువ్వు చూసినావు.

కానీ నా తాడును బిందె తాడు చేసినావే, దానికి చెప్తాండా. మా నాయన చిన్నసుబ్బయ్య లింగాల చుట్టుపక్కల బావుల్లో పడిన గొర్రెల్ని తీసేవాడు. మన ఇండ్లలో నీళ్ళలోకి దిగడం అట్ల మొదలైంది. ఆయన దిగితే తాడు పట్టేది బామ్మర్దే. కన్నకొడుకును, నాకే ఇయ్యలేదు. అడిగితే ఏమన్నాడో తెలుసునా? "కొడుకైతే బయపడి ముందే గుంజుతాడు. అన్నదమ్ముడైతే పొలం గుర్తొస్తాది. బామ్మర్దికి అక్క మొగం గుర్తొస్తాది, వానికే ఇయ్యాల." ఇప్పుడు నువ్వు దిగుతాండావు, బావను నేను పడతాండా. రెండు పక్కలా ఉండేది మీ అక్కే. నువ్వు మూడుసార్లు గుంజినప్పుడు నాకు నీళ్ళు కనపడలేదు, మీ అక్క కనపడింది. అరచేతుల తోలు ఊడొచ్చింది. అన్నం కలుపుకుంటే కారం మండుతాంది.

ఇంకో మాట. ఆ పిల్ల సిలిండరు వచ్చినకాడ్నుంచి నువ్వు తాడు మాట వినడం లేదు. పైకి రమ్మని నేను గుంజితే ఇంతకుముందు వచ్చేవాడివి. ఇప్పుడు ఉండమని గుంజుతావు. నడుముకు గాలి ఉంది కదా, ఇంకొంచెం చూద్దామని. మిగులు గాలి మనిషిని లోపలే కూర్చోబెడతాది. దుడ్లు ఎక్కువున్నోడు సంతలో ఎక్కువసేపు తిరిగినట్టు.

అసలు సంగతి నాకు తెలుసు. విశాఖపట్నం నుంచి ఎవడో సముద్రంలో పనుందని నిన్ను పిలిచినాడని మీ అక్క చెప్పింది. పోవాలంటే పో. పోతాండానని చెప్పి పో. అంతేగాని దానికోసం నా తాడుకు తప్పు పెట్టబాకు.

ఎందుకు తీసినానో నీకు తెలుసు. నీ వస్తువు నీకు తెలియకుంటే ఎవరికి తెలియాల? వీపు మీద రెండుసార్లు తట్టినా, నువ్వు తల ఊపితివి. తాడు ముడి పడినాక దిగేవానితో మాట్లాడకూడదని నీకు కొత్తగా చెప్పాల్నా? ఆడికి అయిపోయింది.

చంద్రమోహన్


పులివెందుల
12 ఫిబ్రవరి, సోమవారం

ఇప్పుడు ఇంకొకటి కూడా చేశావు. నా సిలిండరు అమ్మేశావు.

ముందు విశాఖపట్నం సంగతి. ఫోన్ వచ్చింది నిజమే. వాళ్ళు ఇద్దరిద్దరు కలిసి దిగుతారంట. ఒకడికి గాలి ఆగిపోతే పక్కవాడు తన దగ్గరున్న రెండో గొట్టం అందిస్తాడంట. బాగుందే అన్నాను. వస్తావా అన్నాడు. రానన్నాను. ఎందుకని అడిగితే, ఇక్కడ నా తాడు మా బావ చేతిలో ఉంటుందన్నాను. ఆ మాట అన్న వారానికే నువ్వు నా నడుం ఖాళీ చేశావు. అక్క నీకు సగం చెప్పింది. ఆమె తప్పు కాదు, నేను ఆమెకు సగమే చెప్పాను.

పైదేశాలవాళ్ళు కూడా దీని మీద కొట్లాడుకుంటారు, చదివాను. పక్కవాడి గొట్టం ఉండగా ఇంకో సిలిండరు ఎందుకు, బరువు, ఎక్కడన్నా తగులుకుంటుంది, చూసుకోవలసింది ఒకటి ఎక్కువ అని కొందరు. పక్కవాడు దూరంగా ఉన్నప్పుడే మన గాలి ఆగుతుంది, ఎవడి గాలి వాడే మోసుకోవాలని కొందరు. రెండు పక్కలా న్యాయం ఉంది. కానీ ఆ కొట్లాట ఇద్దరు దిగేవాళ్ళది. నేను ఒక్కడినే దిగుతాను. నా పక్కవాడు ఏడు నిలువుల పైన పడవలో ఉంటాడు. తాడులో గాలి రాదు.

వీపు మీద తట్టావంట, నేను తల ఊపానంట. బడికి పంపేటప్పుడు అమ్మ తట్టేది, అట్లాంటిదే అనుకున్నాను. జాగ్రత్తగా పోయిరా అన్నావనుకుని సరే అని ఊపాను. మందపాటి రబ్బరు సూటు, నడుముకు సీసం బెల్టు. ఆ బరువులో చిన్న సిలిండరు పోయిందో ఉందో ఎవడికి తెలుస్తుంది? నువ్వు తొడుక్కుని చూడు. తెలిస్తే నా రెండో చెవి కూడా నీకే ఇస్తాను.

శనివారం చెవి చూపించుకోవడానికి ప్రొద్దుటూరు పోయాను. సిలిండర్లకు గాలి పట్టే ఫయాజ్ అంగడి దారిలోనే కదా, ఎక్కాను. ఫయాజ్ లేడు, నెల్లూరు పోయాడు. వాళ్ళ ఆమె సకీనా ఉంది. ఆమె తల వెనక అరలో నా సిలిండరు. పైనుండే రెగ్యులేటరు విప్పేసి, పాత సామాన్ల బండికి వేయబోయేదాని మాదిరి పెట్టి ఉంది. అడిగాను.

"మీ బావ తెచ్చి పెట్టిపోయినాడు జగదీశన్నా," అంది. "ఇంక దీన్ని వాడేది లేదన్నాడు."

ఆమె టీ పెడతానంది. నేను తాగలేదు. బస్టాండుకు నడుచుకుంటూ పోయాను. ఆ ఊరి రోడ్డు సందడంతా ఒక చెవిలోనే వినపడుతుంటే ఎట్లా ఉంటుందో నీకు తెలియదు. వెనకనుంచి వచ్చే ఆటో ఏ పక్కన వస్తుందో తెలియడం లేదు. రెండుసార్లు తిట్లు తిన్నాను.

అప్పుడు కోపం రాలేదు. అలసట వచ్చింది. నన్ను నమ్మనివాడి తాడుకు మూడేళ్ళు వేలాడాను కదా అనిపించింది.

అమ్మావా, లేదా? ఒక్క మాట రాయి. సామెతలు వద్దు, మీ నాయన వద్దు.

జగదీశ్


మైలవరం డ్యాం
14 ఫిబ్రవరి, బుధవారం

జగదీశా,

అమ్మలేదు.

సకీనా చెప్పింది నిజమే. వాడేది లేదన్నాను. అంటే, బాగయ్యేదాకా ఎవరూ వాడకూడదని. విప్పి చూడమని ఫయాజ్‌తో చెప్పినా. ఆయన నెల్లూరు నుంచి వచ్చినాక చూస్తానన్నాడు. నువ్వు ఆయనొచ్చేదాకా ఆగలేదు. టీ తాగేదాకా కూడా ఆగలేదు.

ఆ పొద్దు జరిగింది రాస్తాండా. నీకు తెలుసనుకోనే ఇన్నాళ్ళు రాయలేదు. నీ వస్తువు, నీకు తెలియకుండా ఉంటాదా అనుకున్నా.

పడవలో నీ వెనక కూర్చోని తాడు ముడి బిగిస్తాండా. బిగిసింది. చెయ్యి కిందికి తీస్తాంటే పిల్ల సిలిండరు మీటరు వేళ్ళకు తగిలింది. ఊరికే చూసినా. ముల్లు సున్నా మీద పండుకోనుండాది. చుక్క గాలి లేదు. ముందరి దినం నువ్వే నింపించుకొచ్చినావు కదా, యాడికి పోయిందో నాకు తెలియలేదు. నువ్వే ఖాళీ చేసుకోని, నన్ను ఉడికించేదానికి కట్టుకున్నావేమో అని కూడా ఒక గడియ అనిపించింది. అట్ల అనుకున్నందుకు ఏమన్నా అనుకో.

గాలి లేనిది ఉందనుకోని నువ్వు కింద నోట్లో పెట్టుకుంటే ఏమవుతాది? దానికన్నా లేకపోవడమే మేలని పట్టీ ఊడదీసి గోనెపట్ట కింద పెట్టినా.

చెప్పొచ్చు కదా అంటావు. ముడి పడిపోయింది. మా నాయన కాలం నుంచి ముడి పడినాక పైనోడు మాట్లాడలేదు. మాట్లాడితే దిగేవాని మనసు పైనే ఉండిపోతాదని. నోరు తెరిచినా. మళ్ళా మూసుకున్నా. రెండుసార్లు తట్టినా. నువ్వు తల ఊపితివి. హమ్మయ్య, అర్థమయింది అనుకున్నా.

సరే, అదట్ల పోనీ. ఇప్పుడు పని సంగతి. వచ్చే శుక్రవారం, ఇరవై మూడున, మిగతా వల కోయకుంటే ఈ పని ఇంకో గ్యాంగుకు ఇస్తానన్నాడు కాంట్రాక్టరు. వాళ్ళకు ఈ కమ్మీలు తెలియవు. నీ చెవికి మూడు నెలలు నీళ్ళు తగలకూడదని డాక్టరు చెప్పినాడని మీ అక్క అంది. కాబట్టి నేనే దిగుతా. నీకంటే ముందు ఈ నీళ్ళలో దిగింది నేనేగా, చేతులు మర్చిపోవు.

తాడు మటుకు నువ్వు వచ్చి పట్టాల. చెవి పోయినా చేతులుండాయి కదా. బాబు నేను పడతానంటాండాడు. మంచోడే, కాని వానికి నేను ఇయ్యను. నీకు ఇస్తా.

పిల్ల సిలిండర్లు, పాలసీసాలు నాకు అక్కర లేదు. నేనెప్పుడూ కట్టుకోలేదు.

చంద్రమోహన్

జగదీశా, ఖాళీ క్యారియరులో ఈ ఉత్తరం చూసి చదివినాను. ఆయన నీకు రాయని సంగతి ఒకటి ఉండాది. పోయిన ఆదివారం ఇంటికొచ్చి, మిద్దె మెట్లెక్కి, రొమ్ము పట్టుకోని గోడకు ఆనుకోని నిలబడిపోయినాడు. ఆయన పాత దగ్గు ఇంకా తగ్గలేదు. దిగొద్దంటే నా మాట వినడు. — మల్లిక


పులివెందుల
19 ఫిబ్రవరి, సోమవారం

బావా,

ముల్లు సున్నా మీద ఉందని నాకు తెలియదు. ముందరి దినం ఫయాజ్ దగ్గర నిండుగా చూసి తెచ్చాను. పొద్దున మళ్ళీ చూడలేదు. కట్టుకున్నాను, అంతే.

శుక్రవారం ప్రొద్దుటూరు పోయి ఫయాజ్‌ను కూర్చోబెట్టి వాల్వు విప్పించాను. లోపలి రబ్బరు రింగు చీలి ఉంది. కంటికి కనపడనంత చీలిక. రాత్రంతా ఊపిరి వదులుతూనే ఉంది, పక్కన పడుకున్న నాకు వినపడలేదు. అప్పటికి నాకు రెండు చెవులూ బాగానే ఉన్నాయి. కొత్త రింగు వేయించి, గాలి పట్టించి, ఇంటికి తెచ్చి జొన్నల డబ్బా పక్కన పెట్టాను. నిద్ర లేస్తూనే చూస్తున్నాను, దీపాలు పెట్టే వేళకు చూస్తున్నాను. ముల్లు కదలలేదు. "ఏందిరా, దానికేమన్నా జొరమొచ్చిందా?" అని అమ్మ అడిగింది.

అమ్ముకున్నావన్నాను. ఆ మాట తీసేస్తున్నాను. మిగతావి తీయను.

ఖాళీ సిలిండరును తీసేయడం తప్పు కాదు. నీ చోట నేనున్నా తీసేవాడినే. తీసి, నోరు మూసుకున్నావు చూడు, అది తప్పు. ఇద్దరం పక్కపక్కన కూర్చున్నాం. ఇద్దరికీ నోరుంది. నా ప్రాణాన్ని ఒక తట్టుకూ ఒక తల ఊపుకూ అప్పగించి నీళ్ళలోకి దించావు. మీ నాయన కాలంలో బావిలో పడిన గొర్రెను తీసేవాళ్ళు. తాడు, మనిషి, గొర్రె. మాట్లాడడానికి ఏముంది అక్కడ? ఇప్పుడు వాల్వు ఉంది, రింగు ఉంది, ముల్లు ఉంది. వాటికి ఏమన్నా అయితే అవి చెప్పలేవు. మనమే చెప్పుకోవాలి.

మిగులు గాలి మనిషిని లోపలే కూర్చోబెడుతుందన్నావు. నీ రెండు ఉత్తరాల్లో నువ్వన్న మాటల్లో నాకు రాత్రిళ్ళు గుర్తొస్తున్నది అదొక్కటే. నిజమే కాబట్టి. దానికి మందు సిలిండరు తీసేయడం కాదు. దాన్ని నోట్లో పెట్టుకున్నామంటే ఆ దినం పని అయిపోయినట్టే, కత్తి వదిలేసి పైకి రావడమే. నువ్వు గుంజితే ఉండమని గుంజకూడదు. నేను దిగినా అంతే, నువ్వు దిగినా అంతే.

నువ్వు దిగినా అని రాశాను గానీ బావా, నువ్వు మెట్లెక్కి గోడకు ఆనుకునే మనిషివి. కింద దగ్గు వస్తే ఏం చేస్తావు? దగ్గితే నోట్లో పట్టుకున్న మౌత్‌పీసు జారుతుంది. జారితే వెతుక్కోవాలి. ఒండ్రులో ఏమీ కనపడదు. నేను ఏడు నిలువుల పైన తాడు పట్టుకుని కూర్చుంటాను. నువ్వు మూడుసార్లు గుంజితే లాగుతాను, నా చేతుల తోలూ ఊడిపోనీ. కానీ ఆ తాడు కమ్మీకి చుట్టుకుంటే నేను లాగేది నిన్ను కాదు, కమ్మీని. అప్పుడు నీకు కావలసింది నా చేతులు కాదు. నాలుగు గుక్కల గాలి.

అసలు దిగొద్దనే చెప్పాలి. చెప్తే వినవని నాకు తెలుసు, అక్కకు తెలుసు. కాంట్రాక్టరు ఇంకో గ్యాంగును తెచ్చుకోనీ అంటే నువ్వు అన్నం మానేస్తావు. అందుకని నీతో వాదించి నేను అలిసిపోదలచుకోలేదు. ఇది బేరం.

గురువారం నేను జమ్మలమడుగు వస్తాను. పిల్ల సిలిండరు నా సంచిలో ఉంటుంది. శుక్రవారం పడవలో, ముడి వేయకముందు ముల్లు ఎక్కడుందో నువ్వు నోటితో చెప్పాలి, నేను చూసి నోటితో చెప్పాలి, బాబు వినాలి. ఆ తర్వాతే ముడి. ముడి పడినాక కూడా నాకు ఏదన్నా తేడా కనపడితే మాట్లాడతాను. మీ నాయన ఆచారం కాదని మాట్లాడతాను. నీ మనసు పైన ఉండిపోతే ఉండిపోనీ, నువ్వు కూడా పైకి రావాలి కదా.

నీ తాడు బాబుకు ఇవ్వవు. కాంట్రాక్టరు వచ్చి కాళ్ళు పట్టుకున్నా ఇంకెవరికీ ఇవ్వవు. నాకే ఇస్తానని నీ చేత్తో రాశావు. కాబట్టి విను. పిల్ల సిలిండరు నీ నడుముకు లేకుంటే నేను తాడు ముట్టను. పడవ ఎక్కను. డ్యాం కాడికి వచ్చి, ఆ తాడును షెడ్డులోంచి తీసుకుపోయి అక్క చేతికి ఇస్తాను. ఆమెను అడిగి తీసుకుని దిగు.

కట్టుకుంటానని రాయి. వేరే ఏమీ రాయనక్కరలేదు. బుధవారం పొద్దు గూకేలోపల నీ జవాబు అక్క చేతికి చేరాలి.

జగదీశ్